ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో లినక్స్ వేస్తున్నరా? ముందు లోపలి డిస్క్ పీకండి

పోయిన శనివారం దేవరకొండ దిక్కు నుంచి ఫొటో స్టూడియో నడిపే అన్న ఒకాయన లాప్‌టాప్ పట్టుకుని నల్లగొండలో మా దుకాణానికి వచ్చిండు. కొడుకు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉబుంటు అనే లినక్స్ వేసుకున్నడట. ఆ డిస్క్ తీసుకుని పిలగాడు హాస్టల్‌కు పోంగనే ఇంట్ల లాప్‌టాప్ తెర నల్లగయ్యి, మీద ‘గ్రబ్’ అన్న ఒక్క ముక్క మిగిలింది. విండోస్ పోయిందనుకుని తెలిసినాయన ఎవరో ఫార్మాట్ కొట్టి మళ్లీ ఎక్కించిండు. నాలుగు పెళ్లిళ్ల ఫొటోలు గాయబ్. ఎస్‌ఎస్‌డీ కాబట్టి రికవరీల కూడా ఏం దొరకలే. ఫార్మాట్ కొట్టేదాకా ఆ ఫొటోలు భద్రంగనే ఉన్నయ్, అదీ బాధ.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు సపోర్ట్ ఆగినంక లినక్స్ దిక్కు చూసేటోళ్లు ఎక్కువైన్రు. మంచిదే. బ్యాకప్ సంగతి మీకు తెలుసు, చెప్పను. నేను చెప్పేది ఒక్కటే: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు లోపలి డిస్క్ మిషన్‌ల ఉండొద్దు.

ఎందుకంటే, ఉబుంటు పాత ఇన్‌స్టాలర్‌కు ఏండ్ల సంది ఒక రోగం ఉంది. బూట్‌లోడర్ అంటే మిషన్ ఆన్ కాంగనే సిస్టమ్‌ను లేపేది, ఉబుంటుల దాని పేరే గ్రబ్. దాన్ని బయటి డిస్క్‌లో పెట్టమని మీరు ఎంచుకున్నా, అది పోయి లోపలి డిస్క్‌లోని ఈఎఫ్ఐ పార్టిషన్‌ల (బూట్ ఫైళ్లు ఉండే చిన్న భాగం) కూసుంటది. రెండూ కలిపి ఉన్నన్ని రోజులు ఏం తెల్వదు. బయటిది తీసిన్రా, గ్రబ్‌కు తన ఫైళ్లు దొరకవు. ఆ డిస్క్‌ను ఇంకో సిస్టమ్‌కు పెట్టినా లేవదు, బూట్‌లోడర్ దాంట్ల లేదు గదా.

డెస్క్‌టాప్ అయితే సాటా కేబుల్ తీస్తే సరి. లాప్‌టాప్‌ల చార్జర్ తీసి, బ్యాటరీ కనెక్టర్ తీసి, ఎస్‌ఎస్‌డీ మర ఇప్పండి. బోర్డుకు అతికించి వచ్చిందా? బయోస్‌ల (మిషన్ మొదలైతున్నప్పుడు తెరిచే సెట్టింగులు) దాన్ని ఆపండి. అదీ లేకుంటే జీపార్టెడ్ అనే పార్టిషన్ల టూల్‌ల లోపలి ఈఎఫ్ఐ పార్టిషన్‌కు ‘బూట్’, ‘ఈఎస్‌పీ’ అనే ఫ్లాగులు (గుర్తులు) తీసి, పని అయినంక మళ్లీ పెట్టండి. మర్చిపోయేటోళ్లు ఈ దారి పట్టకండి.

బయోస్ ముట్టకముందే బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కు వేసే తాళం) రికవరీ కీ, 48 అంకెలు, కాగితం మీద రాసుకోండి.

సైజు చూసి డిస్క్ గుర్తుపట్టిన అనుకోకండి. 1 టీబీ లోపలిదైనా బయటిదైనా 931 జీబీ అనే చూపిస్తది. ఎస్‌డీఏ (లినక్స్ డిస్క్‌కు ఇచ్చే పేరు) అంటే బయటిదే అని ఎవరన్నా చెప్తే నమ్మకండి.

బయటి డిస్క్‌లో పార్టిషన్ టేబుల్ జీపీటీ రకం పెట్టి, ఫ్యాట్32 ఫార్మాట్‌ల 512 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్ చేయండి.

కేబుల్ కదపొద్దు. కరెంటు పోయే టైమ్‌ల మొదలుపెట్టొద్దు.

లోపలి డిస్క్ తీసిన్రా? మళ్లా అడుగుతున్న, తీసిన్రా?

గ్రబ్ తెర వస్తే ఫార్మాట్ కొట్టొద్దు. మిషన్ మళ్లీ ఆన్ చేయంగనే ఎఫ్12 నొక్కండి, కొన్నిట్ల ఎఫ్9 లేదా ఎస్కేప్. వచ్చిన లిస్టుల విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకోండి.

లోపలిది పెట్టకముందే రీస్టార్ట్ చేసి బయటి డిస్క్ నుంచి లినక్స్ లేస్తుందో లేదో చూడండి. లేచినంకనే మర బిగించండి.