ఓడిన్ కాకులను అలుగు మీద ఎక్కించే ముందు: ఎచింగ్ జాగ్రత్తలు

డెన్మార్క్‌లోని మామెన్‌లో 1868లో దొరికిన గొడ్డలి మీద వెండి తీగ పొదిగిన నగిషీ ఉంది. ఆ సమాధి క్రీ.శ. 970-71 చలికాలం నాటిది. అలా తీగ పొదగాలంటే చేయి బాగా తిరగాలి. ఇంటి షెడ్డులో వైకింగుల పురాణాల్లోని ఓడిన్ దేవుడి హుగిన్, మునిన్ కాకుల్నో, లోకాన్ని చుట్టుకున్న యోర్మున్‌గాండ్ర్ పామునో కత్తి అలుగు (లోహపు భాగం) మీద వేసేవాళ్లు ఎక్కువగా లోహాన్ని తినే ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంతోనే పని కానిస్తారు. బొమ్మ ఉన్నచోట లోహాన్ని ఇలా తినిపించడమే ఎచింగ్. చెయ్యి కాలేదీ, కత్తి పాడయ్యేదీ అక్కడే.

ముందు బొమ్మ సంగతి తేల్చుకోండి. ద్రావణం కిందికి ఎంత తింటుందో పక్కకీ దాదాపు అంతే తింటుంది. ఈకల గీతలు సన్నగా, దగ్గరదగ్గరగా వేస్తే మధ్యలో లోహాన్ని కాపాడే పూత అంచులు లేచిపోయి, కాకి బదులు నల్లటి మరక మిగులుతుంది. గీతకూ గీతకూ మధ్య ఒక మిల్లీమీటరైనా వదలండి. పొడవాటి అలుగుకు పాము మెలికలే బాగా కుదురుతాయి. లేజర్ ప్రింటు తీసిన టోనర్ కాగితం నుంచి అలుగు మీదికి దించేట్టయితే బొమ్మను తిరగేసి ప్రింటు తీయాలి. కాకి అటు తిరిగినా ఇటు తిరిగినా పర్వాలేదు, రూన్ అక్షరాలకు (ఉత్తర ఐరోపా పాత లిపి) అలా కుదరదు. వైకింగుల కాలపు వరుసలో అక్షరాలు 16. 24 అక్షరాల వరుస అంతకుముందుది. దారి చూపుతుందని చెప్పే వెగ్విసిర్ గుర్తు 1860 నాటి ఐస్‌లాండ్ రాతప్రతిలోది, దాన్ని వైకింగ్ గుర్తని చెప్పి అమ్మకండి. ‘స’ శబ్దానికి వాడే సోవిలో రూన్‌ను జంటగా అస్సలు వేయొద్దు. అది నాజీ ఎస్‌ఎస్ గుర్తు, జర్మనీలో బహిరంగంగా చూపించడం నేరం.

ఉక్కును కాల్చి గట్టిపరచడం, టెంపరింగ్ (పెళుసుతనం తగ్గేలా మళ్లీ కొద్దిగా వేడిచేయడం), 600 గ్రిట్ సాండ్‌పేపర్ దాకా రుద్దడం అన్నీ అయ్యాకే ఎచింగ్. వాదర (కోసే అంచు) మాత్రం అప్పటికింకా మొద్దుగానే ఉండాలి. ముందే పదును పెడితే ద్రావణం ఆ సన్నటి అంచునే మొదట తినేస్తుంది, పట్టుకున్నప్పుడు చేయీ తెగుతుంది. అసిటోన్‌తో జిడ్డు తుడిచాక అలుగును వేళ్లతో ముట్టుకోకండి, వేలిముద్ర పడ్డచోట పూత అంటదు. అసిటోన్ ఇట్టే అంటుకుంటుంది గనక తెరిచినప్పుడు కొలిమి ఆరి ఉండాలి. బొమ్మ తప్ప మిగతా అలుగంతా, వెన్నూ వాదరతో సహా, గోళ్ల రంగుతో మూసేయండి.

నైట్రైల్ గ్లౌజులు, చుట్టూ మూసి ఉండే కళ్లద్దాలు పెట్టుకోండి. ప్లాస్టిక్ డబ్బాలో ముందు మూడు వంతుల నీళ్లు పోసి, ఆపైన ఒక వంతు ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం నెమ్మదిగా కలపండి. అలుగును నిలువుగా వేలాడదీయండి. పడుకోబెడితే కరిగిన నల్లటి మడ్డి గీతల్లోనే కూర్చుని, ఒకచోట లోతుగా, ఒకచోట పైపైన తింటుంది. ఐదు నిమిషాలకోసారి తీసి, కడిగి, లోతు చూసుకోండి.

బ్యాటరీతో ఉప్పునీటి ఎచింగ్ చేస్తే పాజిటివ్ తీగ అలుగుకు, నెగటివ్ తీగ ఉప్పునీటిలో తడిపిన దూది పుల్లకు. ఒక్కోసారి మూడు నాలుగు సెకన్లే తాకించండి, ఎక్కువైతే వేడికి పూత ఊడుతుంది. క్లోరిన్ వాయువు వస్తుంది గనక బయటే చేయాలి. స్టెయిన్‌లెస్ స్టీలైతే ఆ నీళ్లలో విషపూరిత క్రోమియం చేరొచ్చు, ఒంటికి తగలనివ్వకండి. గోడ ప్లగ్గు కరెంటు జోలికి ఎప్పుడూ పోవద్దు.

అయిపోయాక వంటసోడా నీళ్లలో ముంచి, బ్రష్‌తో గీతల లోపల రుద్ది, వేడినీళ్లతో కడిగి, ఆరబెట్టి నూనె రాయండి. గీతలో ఉప్పో ఆసిడ్డో మిగిలితే మర్నాటికే తుప్పు కనబడుతుంది. వాడిన ద్రావణం సింకులో పోస్తే స్టీలు సింకునూ తినేస్తుంది. దాన్ని మూత బిగించిన ప్లాస్టిక్ సీసాలో ద్రావణం పేరు రాసి ఉంచి, రసాయన వ్యర్థాలు తీసుకునే కేంద్రంలో ఇచ్చేయండి.