ప్రెషర్ తగ్గితే నాబ్ తర్వాత, ముందు నీళ్లు చూడండి

నీళ్లను బలంగా చిమ్మి కడిగే ప్రెషర్ వాషర్ జోరు తగ్గిందనగానే చాలామంది చెయ్యి పంపు మీది నాబ్‌కే పోతుంది. ఇంకో చుట్టు బిగిస్తారు. కర్నూలు, అనంతపురం, కడప వైపు లోపం ఎక్కువసార్లు నాబ్‌లో కాదు, నీళ్లలో ఉంటుంది. బోరు నీళ్లు ఉప్పునీళ్లు, ట్యాంకు అడుగున ఇసుక, ఏప్రిల్ వచ్చిందంటే మిద్దె మీది నల్ల ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత వేడి. ఈ మూడూ పంపుకు పడవు.

మొదటి పరీక్షకు బకెట్టు చాలు. మిషన్‌కు తగిలించే పైపు విప్పి 20 లీటర్ల బకెట్టులో పెట్టి టైం చూడండి. ఇళ్లలో వాడే మిషన్లు నిమిషానికి సుమారు 6 నుంచి 8 లీటర్లు వాడతాయి. బకెట్టు నిండటానికి 2 నిమిషాలు దాటుతోందంటే పంపుకు నీళ్లు చాలడం లేదనే అనుకోండి. 10 అడుగుల ఎత్తున ఉన్న ట్యాంకు ఇచ్చే ఒత్తిడి 0.3 బార్ మాత్రమే, అందుకని పైపు అర అంగుళానికి తగ్గకూడదు, ముప్పావు అయితే ఇంకా మేలు, వీలైనంత పొట్టిగా ఉండాలి. నీళ్లు చాలనప్పుడు ధార ఆగి ఆగి కొడుతుంది, పంపులో గులకరాళ్లు వేసి తిప్పినట్టు చప్పుడొస్తుంది. ఆ చప్పుడు విని కూడా నడిపిస్తే పంపులో నీళ్లు కారకుండా ఆపే సీళ్లు పోతాయి.

మిషన్ ఆన్ చేసే ముందు కొళాయి తిప్పి, గన్ను నొక్కి పట్టండి. బుసబుసలు ఆగి ధార నిలకడగా వచ్చాకే స్విచ్ వేయాలి. పైపు ఎండలో పడుంటే అందులోని వేడినీళ్లు కూడా ఇలాగే ముందు బయటికి పోతాయి. చాలా మిషన్లు 40 డిగ్రీలు మించిన నీళ్లను తట్టుకోవు, కాబట్టి ఎండాకాలం వాకిలి కడగాలంటే తెల్లవారగానే కడగడం మంచిది.

నీళ్లు లోపలికి పోయే చోట చిన్న జల్లెడ ఉంటుంది. ముక్కుప్లయర్‌తో మెల్లగా లాగితే వస్తుంది. బోరు నీళ్లకు వాడిన జల్లెడైతే దాని రంధ్రాల మీద తెల్లగా గార కట్టి, గోటితో గీకితే పొడి రాలుతుంది. లీటరు నీళ్లకు ఒక చెంచా నిమ్మ ఉప్పు కలిపి అరగంట నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. గన్ను చివర ధార వచ్చే మొనకు, అంటే నాజిల్‌కూ ఇదే వైద్యం, పైగా సన్నటి తీగతో రంధ్రాన్ని పొడవండి. గుండుసూదిని బలంగా తిప్పితే రంధ్రం పెద్దదవుతుంది. వ్యాసం 5 శాతం పెరిగిందంటే 100 బార్ రావలసిన చోట 82 దగ్గర ఆగిపోతుంది. అరిగిన నాజిల్‌ను మార్చడమే, వేరే దారి లేదు. నిమ్మ ఉప్పు నీళ్లను గానీ, బాత్‌రూం యాసిడ్‌ను గానీ పంపులోంచి మాత్రం పంపకండి.

ఇవన్నీ సరిగా ఉన్నాకే నాబ్ దగ్గరికి రావాలి. దాన్ని అన్‌లోడర్ అంటారు. గన్ను వదిలినప్పుడు నీళ్లను వెనక్కి తిప్పేది అదే. చిన్న మిషన్లలో కంపెనీ సెట్ చేసి మూసేసి ఉంటుంది, దాన్ని కదిలించకండి. తిప్పుకునే వీలున్న మిషన్ అయితే నాబ్‌ను బాగా వదులు చేసి, మిషన్ నడిపి, గన్ను నొక్కి పట్టి, పావు చుట్టు చొప్పున బిగిస్తూ మీటర్ చూడండి. ముల్లు పెరగడం ఆగిన చోట మీరూ ఆగి, అర చుట్టు వెనక్కి తిప్పండి. మిషన్ ప్లేటు మీదున్న అంకె మాత్రం దాటకూడదు. తర్వాత గన్ను వదిలి చూడండి. ముల్లు ఒక్కసారిగా చాలా పైకి ఎగిరిందంటే ఎక్కువ బిగించారన్నమాట, అలాగే వదిలేస్తే పైపు పగులుతుంది. గన్ను వదిలేసి మిషన్‌ను 2, 3 నిమిషాలకు మించి నడవనివ్వకండి, లోపల తిరిగే నీళ్లే కాగిపోతాయి. గన్ను వదలగానే ఆగిపోయే మిషన్లకు ఈ బాధ లేదు.

ఆయిల్ పంపు అయితే కొత్తలో మొదటి 50 గంటలకు ఆయిల్ మార్చాలి. తర్వాత ఎప్పుడు, ఏ గ్రేడు అన్నది మిషన్‌తో ఇచ్చిన పుస్తకం చెబుతుంది. ఆయిల్ మజ్జిగలా తెల్లబడితే సీలు దాటి నీళ్లు కలిశాయని అర్థం. ఒట్టి ఆయిల్ మార్చి ఊరుకుంటే వారానికి మళ్లీ అంతే.

మోటార్ గుర్రుమని తిరగకపోతే తప్పు పంపుది కాకపోవచ్చు. సన్న వైరు ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఈ మిషన్ తగిలిస్తే వోల్టేజీ పడిపోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు, 16 యాంపియర్ సాకెట్, ఎర్తింగ్, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఈఎల్‌సీబీ స్విచ్ ఉండాలి. చుట్టగా ఉన్న వైరును పూర్తిగా విప్పి పరవండి.

ఇక బండల సంగతి. కడప బండ, బేతంచెర్ల బండ రెండూ సున్నపురాయి జాతే, పొరలు పొరలుగా ఉంటాయి. ఎర్ర నాజిల్, అంటే 0 డిగ్రీల ధార పెట్టారంటే అంచు దగ్గర పెచ్చు లేస్తుంది, సందుల్లో సిమెంటు కొట్టుకుపోతుంది. తెల్లది, అంటే 40 డిగ్రీలది పెట్టి అడుగు దూరం నుంచి మొదలుపెట్టండి. పాచి పోకపోతే దగ్గరికి జరగండి గానీ నాజిల్ మార్చకండి. మరకలకు యాసిడ్ పోస్తే మరకతో పాటు బండ మెరుపూ పోతుంది. సున్నం కొట్టిన గోడ మీదికి ధార తిప్పారా, సున్నం మిగలదు.

చెప్పులతో ఈ పని వద్దు, బూట్లు వేసుకోండి. ధార కాలికి తగిలి చర్మంలోకి దిగితే బయట సూది గాటంతే కనిపిస్తుంది, లోపల దెబ్బ పెద్దది. నొప్పి లేదని ఇంట్లో కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పని అయ్యాక స్విచ్ తీసి, కొళాయి కట్టేసి, గన్ను నొక్కి లోపలి ఒత్తిడి వదిలించండి. పైపు కలిపే చోట ఉండే గుండ్రటి రబ్బరు చుట్లకు, అంటే ఓ-రింగులకు, కాస్త సిలికాన్ గ్రీజు రాసి, పైపును మడతలు పడకుండా చుట్టి నీడలో పెట్టండి. చలి దేశాల వాళ్లు రాసే జాగ్రత్తల్లో నీళ్లు గడ్డకట్టే భయం ఉంటుంది. మనకు భయమల్లా ఎండదే, రేకుల షెడ్డులో రెండు వేసవులు పడుంటే రబ్బరు పెళుసెక్కి, పైపు కలిపే చోట ముందు కారుతుంది.