జీడితోటలో ఎలుగు ఎదురైతే

మా జీడితోట శ్రీకాకుళం జిల్లా మందస వైపు. జీడిపిక్కలు ఏరే రోజుల్లో, అంటే మార్చి నుంచి మే దాకా, పళ్ల వాసనకి ఎలుగులు దిగుతాయి. పనస ముగ్గితే ఇక చెప్పక్కర్లేదు. అందుకే పిక్క తీసేసిన పళ్లని చెట్టుకింద కుప్ప పోయకండి. సగం గొడవ అక్కడే మొదలవుతుంది.

ఎలుగుకి చూపు, వినికిడి అంతంతమాత్రం. ముక్కు మాత్రం గట్టిది. గాలి మనకి ఎదురుగా వీస్తుంటే మన వాసన దానికి అందదు. దగ్గరికొచ్చాక ఉలిక్కిపడి మీద పడుతుంది. కాబట్టి చీకటితో వెళ్లొద్దు. తప్పదంటే ఇద్దరు ముగ్గురు కలిసి, టార్చిలైటుతో, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్లండి. మా అత్త పాత డబ్బా వాయిస్తూ నడుస్తుంది. నవ్వేవాళ్లు నవ్వనీ. ఇయర్‌ఫోన్లు మాత్రం ఇంట్లో వదిలేయండి.

ఎదురైతే పరుగెత్తొద్దు, మనకన్నా దానికే జోరెక్కువ. చెట్టెక్కినా లాభం లేదు, అదీ ఎక్కుతుంది. రాళ్లు విసరొద్దు. దాన్ని గమనిస్తూనే మెల్లగా వెనక్కి జరిగి దారి వదలండి. వీపు మీద పిల్లలుంటే తల్లి అస్సలు ఊరుకోదు. మీద పడిందా, బోర్లా పడుకుని ముఖం నేలకి ఆనించి, రెండు చేతులూ మెడ వెనక కట్టుకోండి. తల, ముఖం మీదే ఎక్కువగా గాయాలవుతాయి.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో అదిమిపట్టి 108కి ఫోన్ చేయండి. చిన్న గాయమైనా సబ్బునీళ్లతో కడిగి, రేబిస్ టీకా గురించి డాక్టర్ని అడగండి.

2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడి చేశాక మా వైపు టెన్షన్ పెరిగింది. అయినా ఊళ్లోకి వచ్చిందంటే కుర్రాళ్లు వీడియోకి ఎగబడుతూనే ఉన్నారు. వాళ్లని ఆపి, అటవీ శాఖకి కబురు చేయండి.