మిర్చి కల్లంలో ఎరుపు ముద్ద కాకుండా ఫోటో తీయాలంటే

ఫిబ్రవరి దాటాక గుంటూరు చుట్టుపక్కల ఏ మిర్చి కల్లానికి వెళ్లినా ఫోటోలు తీసేవాళ్లకు పండగే. తీరా ఇంటికొచ్చి చూసుకుంటే కాయ మీద ముడతలుండవు, తొడిమ కింద నీడ ఉండదు. అంతా ఒకటే ఎర్ర ముద్ద. చాలామంది లెన్స్‌ని తిట్టుకుంటారు గానీ, సంగతంతా సెన్సార్ (లెన్స్ వెనక వెలుతురును పట్టే చిప్) దగ్గరుంది.

సెన్సార్‌కి రంగులు తెలియవు, వెలుతురు ఎంత పడిందో కొలుస్తుందంతే. అందుకని ఒక్కో పిక్సెల్ మీద ఒక్కో రంగు ఫిల్టర్ పెడతారు. ఎక్కువ కెమెరాల్లో ఉండేది కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ అమరిక, 1976లో పేటెంట్ వచ్చింది. ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చ, ఒకటి నీలం, ఒకటే ఎరుపు. అంటే 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో ఎరుపును కొలిచేవి 6 మెగాపిక్సెళ్లే. పండు మిరపకాయ వివరమంతా దాదాపు వాటి మీదే ఆధారపడుతుంది. పైగా పగటి వెలుతురులో వైట్ బ్యాలెన్స్ కుదర్చడానికి, అంటే తెలుపు తెల్లగానే కనిపించడానికి, కెమెరా ఆ ఎరుపు విలువల్ని బాగా పెంచుతుంది. జేపెగ్‌లో (కెమెరా మామూలుగా ఇచ్చే ఫోటో ఫైల్) ఒక్కో రంగు విలువ 255 దాటి పోవడానికి లేదు కాబట్టి, అక్కడికి చేరిన ఎరుపంతా ఒకేలా అయిపోతుంది.

కాబట్టి ముందు రా ఫైల్ (సెన్సార్ కొలిచింది కొలిచినట్టే దాచే ఫైల్) ఆన్ చేయండి. 14 బిట్ రా ఫైల్‌లో ఒక్కో రంగుకు 16,384 మెట్లుంటాయి, జేపెగ్‌లో 256. తర్వాత హిస్టోగ్రామ్, అంటే ఎడమన చీకటి నుంచి కుడిన వెలుతురు దాకా ఎన్ని పిక్సెళ్లున్నాయో చూపే గ్రాఫ్ చూడండి. అన్ని రంగులూ కలిపి చూపే తెల్లదాన్ని నమ్మకుండా మూడు రంగులదీ విడివిడిగా చూపించేది పెట్టుకోండి. తెల్లది చక్కగా మధ్యలో కనిపిస్తున్నా ఎరుపు కుడి గోడకు గుద్దుకుని ఉంటుంది. అది గోడ వదిలేదాకా ఎక్స్‌పోజర్ తగ్గించండి, మామూలుగా ఒక స్టాప్ (వెలుతురు సగానికి తగ్గడం) లోపే సరిపోతుంది. రా తీసినా ఆ హిస్టోగ్రామ్‌ని కెమెరా జేపెగ్ నుంచే గీస్తుంది. అందుకే నేను పిక్చర్ స్టైల్ (జేపెగ్‌కి కెమెరా వేసే రంగుల తీరు) ఎప్పుడూ న్యూట్రల్‌లోనే ఉంచుతాను. రంగులు ముదిరే వివిడ్ పెడితే ఎరుపు లేనిపోని టెన్షన్ పెడుతుంది.

తేజ రకం మిరపకాయకి నిగనిగ ఎక్కువ. మిట్టమధ్యాహ్నం ఆ మెరుపు తెల్ల మచ్చలా పడుతుంది. లెన్స్ ముందు బిగించే పోలరైజర్ ఫిల్టర్‌ని మెల్లగా తిప్పుతూ మెరుపు తగ్గినచోట ఆపండి. ఉదయం ఏటవాలు ఎండైతే ఇంకా మేలు, ముడత ముడతా లేచి కనపడుతుంది. "బాబాయ్, నాలుగు ఫోటోలు తీసుకోనా?" అని రైతుని అడిగి, కాయలు తొక్కకుండా గట్టు మీంచే తీయండి.

మిర్చి యార్డు షెడ్లలో లెక్క వేరు. టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసేవాళ్లు ఆగరు కాబట్టి షటర్ 1/250 సెకను కావాలి, ఐఎస్ఓ 1600కో 3200కో వెళ్లక తప్పదు. ఐఎస్ఓ పెంచితే సెన్సార్‌కి కొత్తగా వెలుతురేమీ రాదు, అందిన కాస్తనే పెంచి చూపిస్తుంది. నాయిస్ (ఫోటోలో గరుకు చుక్కలు) వచ్చేది వెలుతురు చాలకే. ముందు అపర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం) తెరవండి, ఆ తర్వాతే ఐఎస్ఓ.

కల్లంలోగానీ యార్డులోగానీ లెన్స్ మాత్రం మార్చొద్దు, దుమ్ము లోపలికి పోతుంది. ఇంటికొచ్చాక అపర్చర్‌ని ఎఫ్/16కి చిన్నది చేసి ఖాళీ ఆకాశాన్ని తీసి చూడండి. నల్ల చుక్కలుంటే సెన్సార్ మీద దుమ్ము పడినట్టే. బ్లోయర్‌తో ఊదండి, నోటితో వద్దు. తుంపర పడిందంటే సర్వీస్ సెంటర్‌కి పోవాల్సిందే.