రెండు మారుమూల విమానాశ్రయాల మధ్య దూరం, ప్రయాణ సమయం ఎలా లెక్కించాలి?

దూరం కనుక్కోవడం తేలికే. లెక్క తప్పేది ఎక్కువగా సమయం దగ్గర.

1. ముందు రెండు విమానాశ్రయాల కోడ్‌లు పట్టుకోండి. పేరుతో వెతికితే అదే పేరున్న మరో ఊరు తగలొచ్చు. చిన్న రన్‌వేలు చాలావాటికి టికెట్ల మీద కనిపించే మూడక్షరాల ఐయాటా కోడ్ ఉండదు. నాలుగక్షరాల ఐకావో కోడ్, అదీ లేకపోతే ఆ దేశపు స్థానిక కోడ్ చూడాలి. దొరికిన అక్షాంశ రేఖాంశాలను శాటిలైట్ మ్యాప్‌లో పెట్టి, గుర్తు సరిగ్గా రన్‌వే మీదే పడుతోందా చూసుకోండి.

2. వాటిని దశాంశాల్లోకి మార్చండి. 59 డిగ్రీల 30 నిమిషాలంటే 59.5, 59.30 కాదు. ఈ ఒక్క పొరపాటుతో అక్షాంశంలో 22 కిలోమీటర్లు తేడా వస్తుంది. దక్షిణ అక్షాంశానికీ పశ్చిమ రేఖాంశానికీ మైనస్ పెట్టాలి. రేఖాంశాల తేడా 180 దాటితే దాన్ని 360 లోంచి తీసేయండి.

3. ఇక దూరం. అక్షాంశంలో ఒక డిగ్రీ ఎక్కడైనా దాదాపు 111.2 కిలోమీటర్లు. రేఖాంశంలో డిగ్రీ మాత్రం ధ్రువాల వైపు వెళ్లేకొద్దీ కుంచించుకుపోతుంది కాబట్టి 111.2ను సగటు అక్షాంశపు కొసైన్‌తో గుణించాలి. ఉదాహరణకు ఒకటి 59, రెండోది 61 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉండి, రేఖాంశాల తేడా 3 డిగ్రీలనుకోండి. ఉత్తర దక్షిణాలుగా 222.4, సగటు అక్షాంశం 60, దాని కొసైన్ 0.5 కాబట్టి తూర్పు పడమరలుగా 3 × 55.6, అంటే 166.8. రెండింటి వర్గాలు కూడి వర్గమూలం తీస్తే 278 కిలోమీటర్లు. 1.852తో భాగిస్తే 150 నాటికల్ మైళ్లు (విమానయానంలో వాడే దూరపు కొలత). కొన్ని వందల కిలోమీటర్ల వరకు, ధ్రువాలకు మరీ దగ్గర కాకుంటే, ఈ పద్ధతి చాలు. అంతకు మించితే హావర్‌సైన్ సూత్రం (గోళం మీద రెండు చోట్ల మధ్య దూరం చెప్పేది) వాడండి, భూమి వ్యాసార్థం 6371 కిలోమీటర్లు. స్ప్రెడ్‌షీట్‌లో కోణాలను ముందే రేడియన్లలోకి మార్చకపోతే జవాబు అర్థంపర్థం లేకుండా వస్తుంది.

4. సమయానికి పెద్ద జెట్ వేగం వేయొద్దు. చిన్న రన్‌వేల మీద దిగే ట్విన్ ఆటర్ లాంటి చిన్న విమానం సుమారు 150 నాట్ల వేగంతో పోతుంది (నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు). పై దూరానికి గంట. 30 నాట్ల ఎదురుగాలి ఉంటే వేగం 120కి పడి గంటా పావు పడుతుంది, అదే గాలి వెనక నుంచి వీస్తే 50 నిమిషాలు. రానూపోనూ కలిపితే గాలి ప్రభావం సరిపోతుందనుకుంటారు చాలామంది, కానీ సరిపోదు. ఇక్కడ మొత్తం 2 గంటల 5 నిమిషాలు, గాలి లేకుంటే 2 గంటలే. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఎగరాల్సి రావడమే కారణం.

5. విమానాన్ని రన్‌వే దాకా నడపడం, గాల్లో పైకెక్కడం, కిందికి దిగడం వీటికి ఇంకో 15–20 నిమిషాలు కలపండి. కొండలను చుట్టివెళ్లే దారైతే దూరమూ పెరుగుతుంది.

అసలు చిక్కు ఇంకోటి: ఇలాంటి రెండు ఊళ్ల మధ్య నేరుగా సర్వీసు ఉండటం అరుదు. పెద్ద విమానాశ్రయం మీదుగా వెళ్లాలంటే రెండు మజిలీలు విడివిడిగా లెక్కేసి, మధ్యలో ఆగే సమయం కలపాలి. వారానికి రెండే సర్వీసులుంటే ఆ ఆగడం రోజుల్లో ఉండొచ్చు. రన్‌వేకి దీపాలు లేకపోతే చీకటి పడేలోగా దిగాల్సిందే, కాబట్టి సూర్యాస్తమయం వేళ కూడా చూసుకోండి. టైమ్‌టేబుల్‌లో ఉండేది ఏ ఊరి సమయం ఆ ఊరిదే. రెండింటినీ యూటీసీలోకి (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయం) మార్చాకే తీసివేయండి.