రెడ్ రాక్ కాన్యన్‌లో పాత కౌబాయ్ సినిమా ఫ్రేమ్‌ని వెతికి పట్టుకోవడం ఎలా?

కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లు వీకెండ్ అనగానే లాస్ వేగాస్ దారి పడతారు. ఈసారి మొజావే ఊరు దాటి హైవే 14 మీద ఇంకో పాతిక మైళ్లు వెళ్లి చూడండి, రెడ్ రాక్ కాన్యన్ స్టేట్ పార్క్ వస్తుంది. లాస్ ఏంజిలిస్‌కి సుమారు 120 మైళ్లే కాబట్టి హాలీవుడ్ వాళ్లు దీన్ని తెగ వాడేశారు. కౌబాయ్ సినిమాలు సరే, 1932 నాటి 'ది మమ్మీ'కి ఇది ఈజిప్టు, 'జురాసిక్ పార్క్'లో డైనోసార్ ఎముకలు తవ్వే చోటుకి ఇదే మోంటానా!

పాత సినిమాలో ఒక సీన్‌కి కెమెరా పెట్టిన చోటే వెతికి, మనమూ అక్కడే నిలబడి అదే దృశ్యం చూడటం, ఇదీ మన ఆట. ముందు ఇంట్లో చేయాల్సిన పని. 1958లో వచ్చిన, ఇక్కడ కూడా తీసిన 'ది బిగ్ కంట్రీ' పెట్టుకుని, తెల్లటి లోయలో గుర్రాలు వెళ్లే సీన్ల దగ్గర ఆపి నాలుగైదు స్క్రీన్‌షాట్లు తీసుకోండి. మనుషులు తక్కువగా, కొండ అంచు ఆకాశం మీద స్పష్టంగా కనిపించేవి చాలు. అక్కడ సిగ్నల్‌ని నమ్ముకోవద్దు, ఫొటోలూ మ్యాపూ ఫోన్‌లో సేవ్ చేసుకోవాలి.

వెళ్లేది అక్టోబర్ నుంచి ఏప్రిల్ లోపు. ఎండాకాలంలో వద్దు, మన రెంటచింతల ఎండ తెలిసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. పెట్రోలు మొజావేలోనే కొట్టించుకుని, నీళ్లు అనుకున్నదానికి రెట్టింపు పెట్టుకోండి.

హైవేకి పడమర పక్క హేగన్ కాన్యన్ ఉంది, చిన్న నడక, మొదలుపెట్టడానికి అదే బాగుంటుంది. తూర్పు పక్క రెడ్ క్లిఫ్స్. దగ్గరికెళ్లి చూస్తే గోడంతా పట్టుచీర కుచ్చిళ్లలా నిలువుగా మడతలు మడతలుగా ఉంటుంది. పైన గట్టి రాతి పొర గొడుగులా కాస్తుంటే, కింద మెత్తటి ఎర్ర, తెల్ల పొరల్ని వాన నీళ్లు కోసుకుంటూ పోయాయన్నమాట.

ఇక అసలు పని. స్క్రీన్‌షాట్‌లో పొదలు, బండి బాటలు చూడకండి, అవి ఎప్పుడో మారిపోయుంటాయి. నేను మొదటిసారి ఒక పొదని పట్టుకుని గంటసేపు తిరిగాను, దండగ. కొండ అంచు గీత, రంగు పొరల వరస, ఈ రెండే చూడండి. దగ్గరున్న ఒక రాయి, దూరంగా ఉన్న ఒక శిఖరం ఎంచుకోండి. ఫ్రేమ్‌లో రాయికి శిఖరం ఎడమగా ఉండి, మీకు కుడిగా కనిపిస్తోందంటే మీరు కుడికి ఎక్కువ జరిగారని అర్థం, ఎడమకి నడవండి. రెండూ సరిగ్గా కుదిరాక ముందుకో వెనక్కో జరుగుతూ సైజులు సరిచూసుకోవాలి. నీడలు తేడాగా ఉంటే చోటు తప్పని కాదు, టైం తప్పు. సాయంత్రం మళ్లీ రండి.

గోడలెక్కడం మాత్రం వద్దు, చేతిలో పెళ్లలు ఊడొస్తాయి. ప్రీ వెడ్డింగ్ షూట్ ఐడియా ఎలాగూ వస్తుంది కదా, డబ్బులు తీసుకునే ఫొటోగ్రాఫర్‌ని తెస్తుంటే పర్మిట్ సంగతి ముందే కనుక్కోండి. స్టేట్ పార్కుల్లో కమర్షియల్ షూటింగ్‌కి పర్మిట్ ఇచ్చేది కాలిఫోర్నియా ఫిల్మ్ కమిషన్.

రాత్రి ఉండాలంటే రికార్డో క్యాంప్‌గ్రౌండ్ ఉంది, కొండ గోడ పక్కనే టెంట్ వేసుకోవచ్చు. పులిహోర కట్టుకెళ్లండి, పక్కన హోటళ్లేమీ ఉండవు.