వైడ్‌బాడీ మోజా? ముందు టేపు తియ్యండి, కట్టర్ తర్వాత

ఫోన్‌లో వైడ్‌బాడీ, అంటే చక్రాల మీది ఫెండర్ రేకుల్ని కోసి వెడల్పు చేసిన పోర్షే వీడియో చూసేసి, "మన బండికి కూడా ఇలా చేయిస్తే ఏటవుద్ది?" అని అడిగే తమ్ముళ్లు శ్రీకాకుళంలోనూ ఉన్నారు, విజయనగరంలోనూ ఉన్నారు. ఏమవుతుందో, చెయ్యాలనుకుంటే ఏ వరసలో చెయ్యాలో, ఎక్కడ ఆగాలో చెప్తాను. ఇక్కడ సొంత కారు కోయించాలనుకునేవాళ్లకీ పనికొస్తుంది, దుబాయ్‌లోనో అమెరికాలోనో ఉద్యోగం చేస్తూ రెడీగా చేసి ఉన్న కారు కొనాలనుకునేవాళ్లకీ పనికొస్తుంది.

అసలీ వెడల్పు ఎందుకొచ్చిందో తెలిస్తే సగం డబ్బు మిగులుతుంది. ఇది రేసుల్లోంచి వచ్చింది. 1976లో వచ్చిన గ్రూప్ 5 అనే రేసు తరగతి నిబంధనల ప్రకారం కారు అసలు ఆకారం తెలిసేలా ఉంచి, ఫెండర్లను మాత్రం బాగా వెడల్పు చేసుకోవచ్చు. పోర్షే 935 అలా పుట్టిందే. బీఎండబ్ల్యూ ఈ30 ఎం3కి ఉన్న పెట్టెల్లాంటి ఫెండర్ల కథా ఇదే, రేసుకి వెడల్పు చక్రాలు కావాలి కాబట్టి రోడ్డు మీద అమ్మే కారుకి కూడా అవే పెట్టి అమ్మారు. అంటే వెడల్పు టైరు ముందు, దాన్ని కప్పడానికి ఫెండర్ తర్వాత. మన షెడ్లలో ఈ వరస తిరగబడుతుంది. టైరు పాతదే ఉంచి, పైన ఫైబర్ మాత్రం ఉబ్బిస్తారు, చక్రం లోపలెక్కడో దాక్కుని ఉంటుంది. పైడితల్లి పండక్కి వేసిన పులివేషంలా ఉంటుందది, చూడ్డానికి బాగుంటుంది గానీ గాండ్రించదు.

మోజు ఎందుకంటారా, దానికి కారణం గట్టిదే. జపాన్‌లోని చిబాలో అకిరా నకాయ్ అనే ఆయన ఉన్నాడు, ఆయన పేరుబడ్డది ఆర్‌డబ్ల్యూబీ (ఆయన షెడ్డు రౌ-వెల్ట్ బెగ్రిఫ్‌కి పొట్టి పేరు) కార్లతో. ఇంజిన్ గాలితో చల్లబడే పాత పోర్షే 911లకి, అంటే 930, 964, 993 మోడళ్లకి ఫెండర్లు కోసి వెడల్పువి బిగిస్తాడు. ఏ దేశంలో కారు ఉంటే అక్కడికి తనే వెళ్లి, చేత్తో కోసి, సీలెంట్ రాసి, కారుకో పేరు పెట్టి వస్తాడు. లిబర్టీ వాక్ అనే కంపెనీ నడిపే వతారు కతో అయితే ఫెరారీలు, లంబోర్గినీలే కోసేస్తాడు. క్యోటోలో కెయ్ మియురా పద్ధతి వేరు, ఆయన కారుని 3డీ స్కాన్ చేసి కంప్యూటర్‌లో గీసి చేయిస్తాడు, రాకెట్ బన్నీ, పాండెమ్ అనే కిట్లు, అంటే కారుకి బిగించే వెడల్పు ఫెండర్ల సెట్లు ఆయనవే. వీళ్లకంటే ముందే జర్మనీలో కోనిగ్ స్పెషల్స్ వాళ్లు ఫెరారీ టెస్టరోసాని ఇంకా వెడల్పు చేశారు, అది మామూలుగానే 1976 మిల్లీమీటర్ల కారు! నన్నడిగితే అందరిలో నకాయ్ పనిలోనే ఎక్కువ ఆకర్షణ ఉంది. ఒకసారి కోశాక వెనక్కి పోలేం అనే ధైర్యం కనిపిస్తుంది అందులో. పైగా మామూలు 993 వెడల్పు 1735 మిల్లీమీటర్లు, సరిగ్గా మన మారుతీ స్విఫ్ట్ వెడల్పు. అంత సన్నటి కారు వెనక నుంచి చూస్తే నేలకి అతుక్కుపోయినట్టు కనిపించడం మామూలు విషయం కాదు.

ఇక పని. కొలతల కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది, ఈ కారు ఎక్కడ తిరుగుతుంది? మన రోడ్డు మీద, మన నంబరు ప్లేటుతో అయితే దారి దాదాపు మూసుకుపోయినట్టే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది, అందులో ఓనరుకి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. నాలుగు ఫెండర్లు ఒక మార్పా, నాలుగు మార్పులా అని బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌తో వాదించే ఓపిక ఉంటే అది మీ ఇష్టం. దీనికంటే పెద్ద టెన్షన్ ఇన్సూరెన్స్. చెప్పకుండా మార్చిన బండికి యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ తిరగ్గొట్టడానికి వాళ్లకి మంచి సాకు దొరుకుతుంది, ఎదుటి మనిషికి దెబ్బ తగిలిందంటే ఆ సంగతి ఇంకా దూరం వెళ్తుంది.

కాబట్టి మిగిలేవి రెండు మూడు దారులు. రోడ్డెక్కకుండా ట్రాక్ కోసమే ఉంచే కారు, దాన్ని లారీ మీదో టోయింగ్ బండి మీదో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టై సర్క్యూట్‌కో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో తీసుకెళ్లాలి, మన దగ్గర్నుంచి ఆ రవాణా ఖర్చే ఒక లెక్క. లేదా షెడ్డులో, షోలో నిలబెట్టే కారు. లేదా విదేశంలో కొని అక్కడే నడుపుకునే కారు, అక్కడి రూల్స్ అక్కడి ఆఫీసులోనే కనుక్కోవాలి. "అక్కడ కొని తర్వాత ఇంటికి పట్టుకొచ్చేస్తా" అనే ప్లాన్ మాత్రం పెట్టుకోకండి. వాడిన కారు దిగుమతి చెయ్యాలంటే మామూలుగా మూడేళ్లకి మించి పాతది కాకూడదు, స్టీరింగ్ కుడి పక్కన ఉండాలి. తొంభైల్లో తయారీ ఆగిపోయిన 964, 993 ఆ దారిలో ఎలా వస్తాయి?

కారు ఎక్కడ ఉండాలో తేలాక టైరుతో మొదలుపెట్టండి. ఇక్కడ కొంచెం లెక్క ఉంది, భయపడొద్దు. చక్రం వెడల్పుని అంగుళాల్లో, ఆఫ్‌సెట్‌ని, అంటే చక్రం వెడల్పుకి సరిగ్గా నడిమి నుంచి హబ్‌కి (చక్రాన్ని బిగించే భాగం) ఆనే ముఖం ఎంత బయటికి ఉందో ఆ దూరాన్ని మిల్లీమీటర్లలో చెప్తారు. ఉదాహరణకి ఇప్పుడున్నది 7 అంగుళాలు, ఆఫ్‌సెట్ 45. వెయ్యాలనుకున్నది 9 అంగుళాలు, ఆఫ్‌సెట్ 20. వెడల్పు రెండంగుళాలు పెరిగింది, అందులో సగం బయటికి, సగం లోపలికి పోతుంది, అంటే 25.4 మిల్లీమీటర్ల చొప్పున. ఆఫ్‌సెట్ 25 తగ్గింది కాబట్టి చక్రం మొత్తం ఇంకో 25 బయటికి జరుగుతుంది. బయటి అంచు సుమారు 50 మిల్లీమీటర్లు బయటికొస్తుంది, లోపలి అంచు దాదాపు ఉన్నచోటే ఉంటుంది. ఇది బాగా కుదిరిన లెక్క, ఎందుకంటే లోపల సస్పెన్షన్ స్ట్రట్‌కి తగిలే గొడవ లేదు. రెండు పక్కలా కలిపి కారు పది సెంటీమీటర్లు వెడల్పయింది, ఇప్పుడు మీ ఫెండర్ ఎంత ఉబ్బాలో టైరే చెప్పేసింది. కొత్త చక్రాలకి డబ్బులు లేక స్పేసర్లు (చక్రానికీ హబ్‌కీ మధ్య పెట్టే బిళ్లలు) వేసి లాగించేద్దాం అనుకుంటే కనీసం హబ్‌కి సరిగ్గా కూర్చునే రకం తీసుకోండి. చక్రం ఎంత బయటికి జరిగితే బేరింగ్ మీద అంత భారం, స్టీరింగ్ అంత లాగుడు, దీనికి మాత్రం మందు లేదు.

తర్వాత అట్టముక్కలు, మాస్కింగ్ టేపు. ఆ యాభై మిల్లీమీటర్లు నాలుగు మూలలా అట్టతో కట్టి, అద్దాలు తెరిచి కొలవండి, మీ గేటు కొలవండి, ఇంటికొచ్చే సందు కొలవండి. విజయనగరం మూడు లాంతర్ల దగ్గర సాయంత్రం పూట స్విఫ్ట్ నడపడానికే చెమట పడుతుంది, ఆటో పక్కనుంచి దూసుకొచ్చేటప్పుడు మీ ఫెండరే ముందు తగిలేది. ఈ అట్ట పని అయ్యాక చాలామందికి మోజు దానంతటదే తగ్గిపోతుంది, అది కూడా లాభమే.

కిట్ దగ్గరికొస్తే రెండు రకాలు. ఫైబర్‌గ్లాస్ చవక, ఏ ఆకారమైనా పోయొచ్చు, కానీ దెబ్బ తగిలితే పగులుతుంది. పాలీయురేథేన్ కొంచెం వంగుతుంది, చిన్న దెబ్బలు ఓర్చుకుంటుంది, దొరకడం తక్కువ. ఫైబర్ అంటే మనకి కొత్తేం కాదు, కళింగపట్నం వైపు చేపల బోట్లు రెజిన్, మ్యాట్‌తోనే చేస్తారు, అతికేవాళ్లూ ఉన్నారు. అయితే బోటుకి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా ఎవరూ అడగరు, కారు డోరు పక్కన అదే తేడా పదడుగుల దూరం నుంచి కనిపిస్తుంది. పేరున్న కిట్లకి అచ్చం అలాగే ఉండే నకళ్లు మార్కెట్లో బోలెడు. ధర చూసి తీసుకునే ముందు ముక్క వెనక్కి తిప్పి చూడండి, మందం అంతటా ఒకేలా ఉందా, గాలి బుడగలు ఉన్నాయా, ఎడమదీ కుడిదీ ఒకేలా ఉన్నాయా. పెయింట్ వేసే ముందు ఒకసారి మొత్తం కారు మీద పెట్టి చూడాల్సిందే, పెయింట్ అయ్యాక రుద్దాల్సి వస్తే రెండోసారి పెయింట్ డబ్బు మీదే. కొత్త ఫైబర్ ఇంకా పూర్తిగా ఆరకుండా పెయింట్ కొట్టేస్తే ఎండకి అలలు అలలుగా కనిపిస్తుంది, మన మే నెల ఎండ సంగతి తెలిసిందే.

ఇప్పుడు కోత. ముందు ఫెండర్లు చాలా కార్లకి బోల్టులతో ఉంటాయి, విప్పి పక్కన పెట్టి వేరే జత తెచ్చి అది కోసుకోవచ్చు. వెనక మాత్రం అలా కాదు. అది బాడీతో కలిపి వెల్డింగ్ చేసిన ముక్క, లోపలి రేకు, బయటి రేకు చక్రం పైన అంచు దగ్గర కలుస్తాయి. అక్కడ కోస్తే ఆ రెండు రేకులూ విడిపోతాయి, లోపల ఖాళీ బయటపడుతుంది. మంచి టింకర్ అయితే లోపలి రేకుని చిన్న చిన్న నాలుకల్లా కోసి, పైకి మడిచి, మళ్లీ వెల్డ్ చేసి, తుప్పు పట్టని ప్రైమర్ కొట్టి, అతుకుల్లోకి నీళ్లు పోకుండా సీమ్ సీలర్ రాస్తాడు. తొందరలో ఉన్నవాడు కోసేసి, పైన ఫైబర్ కప్పి, పుట్టీ రాసి ఇచ్చేస్తాడు, బయటికి రెండూ ఒకలాగే కనిపిస్తాయి. మనది సముద్రపు గాలి. భీమిలి నుంచి బారువ వరకు తీరం పొడవునా ఇనుప గేట్లకే ఏం జరుగుతోందో చూస్తున్నాం, విప్పి వదిలేసిన రేకుకి అంతకంటే తొందరగా జరుగుతుంది, అదీ కళ్లకి కనపడకుండా ఫైబర్ వెనక. అందుకే కోసిన రోజు, సీలర్ రాసిన రోజు ఫొటోలు తీయించుకోండి. తియ్యను అనే షెడ్డులో బండి పెట్టకండి. అతికించడానికి కూడా రివెట్లు కాకుండా రివెట్ నట్లు, బోల్టులు అడగండి, పగిలినప్పుడు ఒక్క ముక్క విప్పుకోవచ్చు.

నడిపేటప్పుడు తేడా మొదటి రోజే తెలుస్తుంది. వెడల్పు టైరు రోడ్డు మీద గాడిని పట్టుకుని అటే పోతానంటుంది, హైవే మీద లారీలు నొక్కేసిన గీతల్లో పడితే స్టీరింగ్ రెండు చేతులతో పట్టుకోవాలి. కారు ముందు భాగం వెడల్పయ్యింది కాబట్టి గాలి ఎక్కువ అడ్డుతుంది, మైలేజీ తగ్గుతుంది, ఇంజిన్ మార్చకపోతే టాప్ స్పీడూ తగ్గుతుంది. అన్నిటికంటే ప్రమాదం వాన. బరువు అంతే ఉండి టైరు వెడల్పయితే నీటిని తొక్కి కిందికి దిగే బలం తగ్గుతుంది, నిలిచిన నీళ్ల మీద తొందరగా తేలిపోతుంది. మనకి అక్టోబరు తుపాన్లు ఉన్నాయి కదా, ఆ రోజుల్లో ఇలాంటి కారు కవరు కిందే ఉండాలి. స్పీడ్ బ్రేకర్ల గురించి రాయను, ఊరూరా ఎవరికి తోచినట్టు వాళ్లు పోసుకున్నవి, కిందికి దించిన కారు వాటి మీద ఎక్కడో ఒకచోట ఇరుక్కోవాల్సిందే.

విదేశంలో రెడీ కారు కొనేవాళ్లు ఫెండర్ మెరుపు చూడకుండా చక్రం విప్పించి, టార్చ్ పెట్టి ఆ లోపలి మడత చూడండి. కిట్ కొన్న బిల్లు, చేసినవాళ్లతో నడిచిన మెసేజ్‌లు అడగండి. గాలి ఇంజిన్ 911ల ధరలు బాగా పెరిగాయి కాబట్టి ఒరిజినల్ బాడీ కోరుకునేవాళ్లు కోసిన కారు వైపు చూడరు, ఇష్టపడేవాళ్లు మాత్రం దాని కోసమే వెతుకుతారు, కానీ వాళ్లు కొద్దిమంది. అమ్మడానికి నెలలు పట్టొచ్చని ముందే అనుకుని కొనాలి. అప్పు చేసి కొనే సరుకు కాదిది.

ఇక్కడ ట్రాక్ కారు చేసుకునేవాళ్లు విప్పిన ముందు ఫెండర్లు, బంపర్లు, పాత చక్రాలు పాత ఇనుముకి వేసేయకండి. నూనె గుడ్డతో తుడిచి, చుట్టి, అటక మీద పెట్టండి, బ్రాకెట్లు, బోల్టులు విడిగా డబ్బాలో వేసి ఏది ఎక్కడిదో రాసి పెట్టండి. ఆర్సీలో ఉన్నట్టు కారుని మళ్లీ నిలబెట్టాల్సిన రోజు వస్తే ముందు సగం పని అక్కడే అయిపోతుంది, వెనక సగానికి మాత్రం కొత్త క్వార్టర్ ప్యానెల్ (వెనక ఫెండర్ రేకు) కొని వెల్డింగ్ చేయించాలి, ఆ ఖర్చెంతో కోసే ముందే టింకర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోండి.